తలలెక్కకు అందని చదువు

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని టెక్సాస్ శాసనసభ 2025లో ఆమోదించిన ఉన్నతవిద్యా చట్టమునందు, పెద్ద నిబంధనల చప్పుడులో అంతగా వినబడక పోయిన చిన్న నిబంధన యొకటి కలదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయముల అధ్యక్షులు తమ సంస్థలలోని మైనర్ పాఠ్యక్రమములను, సర్టిఫికెట్ పాఠ్యక్రమములను నియతకాలమునకు ఒక్కమారు సమీక్షించి, విద్యార్థుల సంఖ్య తక్కువగా ఉన్నవి ఏవో గుర్తించి, వానిని వేరొకదానిలో కలుపుటయా, ఎత్తివేయుటయా అను విషయమును తేల్చవలెనని దాని తాత్పర్యము. ప్రజాధనముతో నడచు విద్యాలయము తన ఖర్చువెచ్చములను సరిచూచుకొనుట తప్పు కాదు. ఎవరును చేరని తరగతిని పేరుకొరకు నిలుపుకొనవలెనని ఎవరును వాదింపరు. అయినను ఒక చదువు విలువను దానియందు చేరిన తలల సంఖ్యతో మాత్రమే కట్టుట, మైనర్ అనబడు చదువు స్వభావమును ఎరుగకపోవుటయే యగును. మెక్సికన్ అమెరికన్ అధ్యయనముల విషయమున ఈ పొరపాటు జరిగినచో, దాని ఫలితము ఆ శాఖతోనే ఆగక, ఆ ప్రాంతపు ఆసుపత్రులకు, న్యాయస్థానములకు, పాఠశాలలకు, పురపాలక కార్యాలయములకు వ్యాపించునని నా దృఢవిశ్వాసము.

మైనర్ అనగా నేమో మన పాఠకులకు ఇప్పుడు విస్తరించి చెప్పనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలలో 2023–24 విద్యాసంవత్సరమునుండి మేజర్, మైనర్ పద్ధతి ప్రవేశించినందున, ఏ సబ్జెక్టు ప్రక్కన ఏ సబ్జెక్టు పెట్టుకొనవలెనను చర్చ మన ఇండ్లలోనికే వచ్చినది. అమెరికాలో నాలుగేండ్ల డిగ్రీకి సాధారణముగా 120 క్రెడిట్లు కావలసియుండగా, మైనర్‌కు పోవునవి సుమారు 18, అనగా ఆరు కోర్సులు మాత్రమే. మెక్సికన్ అమెరికన్ అధ్యయనములను మైనర్‌గా గైకొన్న విద్యార్థి తొలుత ప్రవేశిక వంటి కోర్సు నొకదానిని ముగించి, పిమ్మట చరిత్ర, సాహిత్యము, సమాజశాస్త్రము, రాజకీయశాస్త్రము, జానపదవిజ్ఞానము మున్నగు శాఖలనుండి తక్కినవానిని ఏరుకొనును. ఆతని మేజర్ నర్సింగు కావచ్చును, సివిల్ ఇంజనీరింగు కావచ్చును, అకౌంటింగు కావచ్చును. అతనికి ఉద్యోగము నిచ్చునది ఆ మేజరే. అయితే ఆ ఉద్యోగమునందు తన యెదుట కూర్చున్న మనుష్యుడు ఎవరో, ఏ చరిత్రను మోసికొని ఆ కుర్చీలోనికి వచ్చినాడో తెలిపెడునది ఈ ఆరు కోర్సుల చదువు.

ఆ మనుష్యుని చరిత్రను వలస అను ఒక్క మాటతో ముగించుటకు వీలులేదు. అమెరికా, మెక్సికోల నడుమ 1846లో మొదలైన యుద్ధమును ముగించుచు 1848 ఫిబ్రవరి 2న గ్వాడలూపె ఇదాల్గో వద్ద కుదిరిన సంధివలన, నేటి కాలిఫోర్నియా, నెవాడా, యూటా రాష్ట్రములును, అరిజోనా, న్యూమెక్సికో, కొలరాడో రాష్ట్రములలోని విశాలభాగములును అమెరికా వశమయ్యెను. అందులకు అమెరికా చెల్లించినది కోటి ఏబది లక్షల డాలర్లు. టెక్సాస్‌తో కూడ లెక్కించినచో మెక్సికో తన భూభాగములో సగమునకు మించి కోల్పోయినది. ఆ నేలపై అప్పటికే తరతరములుగా కాపురమున్నవారు సరిహద్దును దాటలేదు. సరిహద్దే వారి ఇండ్లను దాటిపోయినది. వారికి పౌరసత్వమును, ఆస్తిరక్షణను సంధిపత్రము వాగ్దానము చేసెను గాని, స్పానిష్, మెక్సికన్ ప్రభుత్వముల కాలమున లభించిన భూదానపట్టాలను స్పష్టముగా గుర్తింపవలెనన్న పదవ అధికరణమును అమెరికా సెనేట్ తొలగించెను. కాలిఫోర్నియాలో 1851 నాటి భూచట్టము ప్రతి భూస్వామియు తన హక్కును తానే నిరూపించుకొనవలెనని శాసించుటచే, వ్యాజ్యములు ఏండ్ల తరబడి సాగి, గెలిచినవారిలోనే ఎందరో న్యాయవాదుల రుసుములకు, అప్పులకు భూములను సమర్పించుకొనిరి. నేడు మెక్సికన్ సంతతివారు ఆ దేశమున మూడుకోట్ల ఏబది లక్షలకు పైబడియున్నారని 2020 జనగణన తెలుపుచున్నది. వారిలో అత్యధికులు అటుపిమ్మట వలసవచ్చినవారి సంతతియే యైనను, వారు వచ్చి చేరిన సమాజమునందు తమ స్థానము ఏదో 1848 నాటికే కొంతవరకు నిర్ణయమైపోయి యుండెను.

ఆ స్థానమును చట్టము ఒకవిధముగా వ్రాసెను, లోకము వేరొకవిధముగా చదివెను. సంధి పౌరసత్వమునిచ్చినది గనుకను, ఆనాడు వలసవచ్చినవారిలో పౌరసత్వము తెల్లవారికి, 1870 తరువాత ఆఫ్రికన్ సంతతివారికి మాత్రమే లభించునది గనుకను, మెక్సికన్లు చట్టము దృష్టిలో తెల్లవారితో సమానులుగా ఎంచబడిరి. నిత్యజీవితములో ఆ సమత్వము ఎట్లుండెనో తెలిసికొనుటకు కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీకి పోవలెను. 1943లో వెస్ట్‌మిన్‌స్టర్ అను ఊరిలో గోన్సాలో మెండెజ్ పిల్లలను వారి మేనత్త సోలెదాద్ విదౌరి తన పిల్లలతో కూడ బడిలో చేర్పించుటకు కొనిపోయెను. మేనిఛాయ పల్చగాను, ఇంటిపేరు ఫ్రెంచివారి పేరువలెను ఉన్న విదౌరి పిల్లలను చేర్చుకొందుమనియు, మెండెజ్ పిల్లలు మెక్సికన్ల బడికి పోవలెననియు ఆ బడివారు చెప్పిరి. ఒకే గడపలోనుండి బయలుదేరిన మేనత్త బిడ్డలును, మేనమామ బిడ్డలును రెండు బడులకు పోవలసినవారైరి. ఆమె తన పిల్లలను గూడ చేర్పింపక వెనుదిరిగి వచ్చెను.

గోన్సాలో, ఆతని భార్య ఫెలీసితాస్ మరి నాలుగు కుటుంబములతో కలసి నాలుగు పాఠశాలా మండలములపై వ్యాజ్యము వేసిరి. ఈ కథలో విద్యార్థి గమనింపదగిన సూక్ష్మములు కొన్ని యున్నవి. ఫెలీసితాస్ మెక్సికన్ కాదు, ప్యూర్టో రికో ద్వీపమునుండి వచ్చినది. ఆ దంపతులు సాగుచేయుచుండిన పొలము మునెమిత్సు అను జపనీయ అమెరికన్ కుటుంబమునది. రెండవ ప్రపంచయుద్ధకాలమున ప్రభుత్వము ఆ కుటుంబమును నిర్బంధ శిబిరమునకు పంపగా, భూమి చేయిజారిపోకుండుటకై వారు దానిని మెండెజ్‌లకు కౌలుకిచ్చిరి. ఆ సేద్యమువలన వచ్చిన ఆదాయము వ్యాజ్యము నడుపుటకు ఆధారమయ్యెను. 1946లో జిల్లా న్యాయమూర్తియు, 1947లో ఎగువ న్యాయస్థానమును మెండెజ్‌ల పక్షమున తీర్పు చెప్పిరి. నల్లజాతివారి హక్కుల సంఘము పక్షమున తర్గుడ్ మార్షల్ ఈ వ్యాజ్యమున తోడ్పాటు పత్రమును దాఖలు చేసెను. ఆ యేడే రాష్ట్ర గవర్నరు అర్ల్ వారెన్ వేరుబడుల చట్టమును రద్దుచేయు బిల్లుపై సంతకము పెట్టెను. బడులలో జాతివేర్పాటు చెల్లదని ఏడేండ్ల పిమ్మట సుప్రీంకోర్టులో తేలిన బ్రౌన్ వ్యాజ్యమును వాదించినవాడు ఆ మార్షలే, అప్పటికి ప్రధాన న్యాయమూర్తియై తీర్పు వ్రాసినవాడు ఆ వారెనే. ఒక జాతి కథగా మొదలిడి చదువనారంభించినవానికి నాలుగు జాతుల కథ ఎదురుపడుచున్నది. ఈ అధ్యయనము విద్యార్థి దృష్టిని ఇరుకు చేయునని శంకించువారు ఈ ఒక్క వ్యాజ్యపు కాగితములను తిరుగవేసినను చాలును.

న్యాయశాస్త్రము చదువగోరు యువకునికి దీనికంటె దగ్గరిపాఠము టెక్సాస్‌లోనే కలదు. జాక్సన్ కౌంటీలోని ఎడ్నా పట్టణమున పీట్ హెర్నాండెజ్ అను కూలివానిపై హత్యానేరము మోపబడగా, పాతికేండ్లుగా ఆ కౌంటీలో మెక్సికన్ పేరు గలవాడొక్కడును జ్యూరీలో కూర్చొనలేదని ఆతని న్యాయవాదులు గుస్తావో గార్సియా, కార్లోస్ కదేనా ఎత్తిచూపిరి. మెక్సికన్లును తెల్లవారే గనుక తెల్లవారి జ్యూరీ విచారించుటలో వివక్ష ఎక్కడిదని ప్రభుత్వపక్షము వాదించెను. అయితే ఆ వాదము సాగిన న్యాయస్థాన భవనములోనే పురుషులకు రెండు మరుగుదొడ్లు ఉండెను. ఒకదానిపై ఏమియు వ్రాసి లేదు, రెండవదానిపై నల్లవారికని ఇంగ్లీషులోను, పురుషులకు ఇక్కడ అని స్పానిష్‌లోను వ్రాసియుండెను. 1954 మే 3న సుప్రీంకోర్టు హెర్నాండెజ్ పక్షమున ఏకగ్రీవముగా తీర్పు చెప్పుచు ఆ బోర్డును సాక్ష్యముగా ఉదాహరించెను. బ్రౌన్ తీర్పునకు ఇది సరిగా రెండువారములు ముందు. చట్టపుస్తకమును చదువుట ఒక విద్య. ఆ పుస్తకము వాడబడుచున్న భవనపు తలుపులను చదువుట మరియొక విద్య. మొదటిది మేజర్ నేర్పును. రెండవదానిని నేర్పుటకే ఈ మైనర్ పుట్టినది.

అది పుట్టిన విధమును తెలియదగినదియే. 1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెల్స్ ఉన్నత పాఠశాలలనుండి వేలాది విద్యార్థులు తరగతులను వదలి వీధులలోనికి వచ్చిరి. తమ తాతముత్తాతల ఊసెత్తని పాఠ్యపుస్తకములును, బడిలో స్పానిష్ మాటాడినందులకు దండనలును, ఎంత తెలివిగలవానినైనను కాలేజీ మాట తలపెట్టనీయక చేతిపనుల వైపునకే త్రోయు సలహాదారులును వారి ఆవేదనకు మూలములు. ఆ యేడే లాస్ ఏంజెల్స్‌లోని రాష్ట్ర కళాశాలలో మెక్సికన్ అమెరికన్ అధ్యయనముల శాఖ ప్రారంభమయ్యెను. 1969 ఏప్రిల్‌లో సాంటా బార్బరాలో విద్యార్థులు, అధ్యాపకులు సమావేశమై విశ్వవిద్యాలయములలో ఈ విద్య ఎట్లుండవలెనో ఒక ప్రణాళికను రచించిరి. 1970లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయమున స్థాపితమైన అధ్యయన కేంద్రమునకు తొలి సంచాలకుడు అమెరికో పరేదెస్. 1915లో సరిహద్దు పట్టణమైన బ్రౌన్స్‌విల్‌లో జన్మించిన ఆయన, సరిహద్దు నదికి ఇరువైపుల జనులు పాడుకొను కొర్రీదో అను వీరగాథలను సేకరించి, గ్రెగోరియో కోర్తెజ్ గాథపై 1958లో ప్రకటించిన గ్రంథమునందు, అప్పటివరకు రాష్ట్ర పోలీసుదళమైన టెక్సాస్ రేంజర్లను వీరులుగా మాత్రమే చిత్రించిన చరిత్రకారులను సాక్ష్యాధారములతో ఎదిరించెను. వీధిలోని ఆగ్రహమును గ్రంథాలయపు ఓర్పుతో జోడించుట ఈ శాఖకు పుట్టుకతోనే వచ్చిన గుణము.

ఇక వృత్తివిద్యలకు దీనితో పనియేమను ప్రశ్నకు వత్తము. 1930 దశకపు ఆర్థికమాంద్యకాలమున స్థానిక ప్రభుత్వములు, సహాయ కార్యాలయములు ప్రోద్బలించి లక్షలకొలది మెక్సికన్లను, వారిలో అమెరికాలోనే పుట్టిన పౌరులను గూడ, రైళ్లకెక్కించి మెక్సికోకు పంపివేసిరి. ఇందులకు కాలిఫోర్నియా రాష్ట్రము 2005లో చట్టపూర్వకముగా క్షమాపణ చెప్పినది. సహాయము నడుగబోయిన కార్యాలయమునుండియే బహిష్కారము వచ్చిన జ్ఞాపకము మిగిలియున్న ఇంటిలో, ప్రభుత్వాసుపత్రి నర్సు చిరునామా వ్రాసికొనుటకు కలము తీసినప్పుడు ఒక ముసలితల్లి ఏల తటపటాయించునో ఈ చదువు చదివిన నర్సుకు వేరొకరు చెప్పనక్కరలేదు. మెక్సికోనుండి కూలీలను తెప్పించుటకై 1942నుండి 1964వరకు సాగిన బ్రాసెరో ఒప్పందముల క్రింద నలుబది లక్షలకు మించిన కూలి ఒప్పందములు ఎట్లు నడచెనో, ఆ కూలీల జీతములనుండి పొదుపు పేరిట కోసిన సొమ్ము అనేకులకు చేరకుండుట ఎట్లు జరిగెనో తెలిసిన అకౌంటెంటునకు జీతపుపట్టికలోని ఒక గడి వేరుగా కనబడును. న్యూమెక్సికోలో కాలువనీటిని ఊరివారే తమలో ఒకరిని పెద్దగా ఎన్నుకొని పంచుకొను అసెకియా అను వ్యవస్థ నేటికిని చట్టబద్ధముగా నిలిచియున్నది. దానిని ఎరుగని ఇంజనీరు కాగితముపై గీచిన పథకము ఎంత నిర్దుష్టమైనను ఊరిలో అడుగు పెట్టజాలదు.

ఈ విద్య ద్వేషమును నూరిపోయునని, దేశమును ముక్కలు చేయునని బలమైన ఆక్షేపణ యొకటి కలదు. దానిని తేలికగా త్రోసిపుచ్చరాదు. గతములోని అన్యాయములను చెప్పునప్పుడు, విన్న యువకుని హృదయమున కోపము పుట్టుట సహజమే. అయితే ఈ ఆక్షేపణను పరీక్షించుటకు మనకొక నిదర్శనము కలదు. అరిజోనాలోని టూసాన్ పాఠశాలా మండలములో 1998నుండి నడచిన మెక్సికన్ అమెరికన్ అధ్యయనముల కార్యక్రమమును అడ్డుకొనుటకై ఆ రాష్ట్రము 2010లో చట్టము చేసెను. 2012 జనవరిలో కార్యక్రమము రద్దయ్యెను. ఏడు పుస్తకములను తరగతిగదులనుండి ఏరి, పెట్టెలలో సర్ది, గిడ్డంగికి తరలించిరి. వానిలో రొడోల్ఫో అకూన్యా వ్రాసిన ప్రసిద్ధ చరిత్రగ్రంథము ఒకటి. ఇంతలో పరిశోధకులు ఆ కార్యక్రమపు విద్యార్థుల ఫలితములను పరిశీలించి, 2014లో ప్రకటించిన వ్యాసములో, ఈ తరగతులు చదివినవారు రాష్ట్రపు పరీక్షలలో ఉత్తీర్ణులగుటకును, పాఠశాలవిద్యను పూర్తిచేయుటకును హెచ్చు అవకాశమున్నట్లు కనుగొనిరి. 2017లో ఫెడరల్ న్యాయమూర్తి వాలెస్ తషీమా, ఆ చట్టమును చేయుటలోను, అమలు జరుపుటలోను జాతిద్వేషము పనిచేసినదని తీర్పు చెప్పెను. ద్వేషమును నివారించుటకని చెప్పి చేసిన చట్టమునందే న్యాయస్థానమునకు ద్వేషము కనబడినది. తాను విన్న కథలో తనవారికి చోటున్నదని తెలిసిన పిల్లవాడు చదువును విడిచిపోడు. చదువును విడువనివాడు దేశమునకు పరాయివాడు కాడు.

ఇది మెక్సికన్ బిడ్డలకే పనికివచ్చు చదువు గదా యనువారు మన తెలుగువారిలోను ఉందురు. డల్లాస్ చుట్టుపట్టుల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ పట్టణములలో స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు నేడు టెక్సాస్ విశ్వవిద్యాలయములలో చదువుచున్నారు. వారి తల్లిదండ్రులకో, తాతలకో ఆ దేశపు ద్వారము తెరచినది 1965 నాటి వలసచట్టము. 1923లో భగత్‌సింగ్ థింద్ వ్యాజ్యములో హిందూదేశస్థులు తెల్లవారు కారని సుప్రీంకోర్టు పౌరసత్వమును నిరాకరింపగా, 1946లో ఏడాదికి నూరుమందికి మాత్రము ఆ ద్వారము ఓరగా తెరవబడినది. అది పూర్తిగా తెరచుకొనుటకు 1965 రావలసివచ్చెను. మన వైద్యులకు, ఇంజనీర్లకు త్రోవ యిచ్చిన ఆ చట్టమే పశ్చిమార్ధగోళపు దేశములనుండి వచ్చువారిపై, అంతకుముందు లేని సంఖ్యాపరిమితిని మొదటిసారి విధించెను. తరతరములుగా సరిహద్దు దాటివచ్చి పొలములలో పనిచేసి పోవుచుండిన మెక్సికన్ కూలి, బ్రాసెరో ఒప్పందములు ముగిసిన మరుసటి యేటనే వచ్చిన ఆ చట్టముతో, అదే పనికి అదే దారిన వచ్చినను క్రమక్రమముగా చట్టవిరుద్ధుడుగా మారవలసివచ్చెను. మనకు అదృష్టమైన దినము మన పొరుగువానికి ఏమైనదో తెలిసికొనుట, ఆ నేలపై కాపురముండు తెలుగు యువతకు కనీసధర్మము. మేజర్ కంప్యూటరు శాస్త్రమైనను, వైద్యపూర్వవిద్యయైనను, ప్రక్కన ఈ ఆరు కోర్సులకు చోటు చేసికొనుమని పిల్లలకు చెప్పు తల్లిదండ్రులు వారి భవిష్యత్తునకు నష్టము చేసినవారు కారు.

కావున సమీక్ష జరుగవలదని కోరుట లేదు; సమీక్షించు కొలబద్ద సరియైనది కావలెనని కోరుచున్నాను. మైనర్ తీసికొన్నట్లు దరఖాస్తు వ్రాసియిచ్చినవారి సంఖ్యను మాత్రమే గాక, ఆ శాఖ తరగతులలో కూర్చున్న విద్యార్థులెందరో, వారు ఏయే మేజర్లనుండి వచ్చిరో గూడ లెక్కింపవలెను. ఒక్క కోర్సు చదివి పోయిన నూరుగురు నర్సింగు విద్యార్థులు ఆ దరఖాస్తుల లెక్కలోనికి రారు. టెక్సాస్ ప్రభుత్వ కళాశాలలలో డిగ్రీ పొందగోరు ప్రతివాడును ఆరు క్రెడిట్ల అమెరికా చరిత్ర చదువవలెనని చట్టమే శాసించుచున్నది. మెక్సికన్ అమెరికన్ చరిత్రకోర్సులు ఆ నియమమునకు చెల్లునట్లు చేసి, వానినే మైనర్‌కును లెక్కించినచో, విద్యార్థికి అదనపు భారము లేకయే సంఖ్య పెరుగును. నర్సింగు, ఉపాధ్యాయశిక్షణ, న్యాయపూర్వవిద్య, జలవనరుల ఇంజనీరింగు శాఖలతో ఈ శాఖ ఉమ్మడికోర్సులను నిర్మింపవలెను. సలహాదారులు మొదటి యేడాదియే ఈ మార్గమును విద్యార్థికి చూపవలెను. కాలిఫోర్నియా 2020లో చేసిన చట్టముచే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలోని ప్రతి డిగ్రీ విద్యార్థియు జాతిసంస్కృతుల అధ్యయనమున ఒక కోర్సైనను చదువవలెనని నిర్ణయించినది. టెక్సాస్ అంతదూరము పోకున్నను, ఉన్నదానిని నిలుపుకొనవచ్చును.

2020 జనగణనలో టెక్సాస్ జనాభాలో స్పానిష్ మూలములు గలవారు సుమారు 39 శాతము. వారిలో అత్యధికులు మెక్సికన్ సంతతివారే. ఆ రాష్ట్రమున వైద్యమో, బోధనమో, న్యాయమో, నిర్మాణమో వృత్తిగా చేపట్టిన యువకుడు తన పనిదినములో ఈ ప్రజను కలియకుండ ఉండుట అసాధ్యము. వారిని ఎరిగి సేవించుటకును, ఎరుగక సేవించుటకును నడుమ ఉన్నది కేవలము పదునెనిమిది క్రెడిట్ల చదువు. ఆ చదువును సంఖ్య చాలదని ఎత్తివేయు పాలకమండలి తాను మిగిల్చిన సొమ్మును లెక్క చూపగలదు. తెలియమిచే జరుగు అన్యాయములకు ఆసుపత్రిలో, బడిలో, న్యాయస్థానములో ప్రజలు చెల్లింపబోవు మూల్యమును లెక్క చూపజాలదు. ఈ రెండవ లెక్కను గూడ ఎదుట ఉంచుకొనక తీసికొను ఏ నిర్ణయమైనను విద్యాలయపు నిర్ణయము అనిపించుకొనదు.